రాత్రిపూట పనిముట్ల సంచి: 122వ సెక్షన్ కింద నడిచిన ఒక కేసు

మహారాష్ట్రలో క్రిమినల్ ప్రాక్టీసు చేసేవాళ్లకు 122వ సెక్షన్ కొత్తేమీ కాదు. 1951 నాటి బొంబాయి పోలీసు చట్టంలోది. ఆ చట్టాన్నే ఇప్పుడు మహారాష్ట్ర పోలీసు చట్టం అంటున్నాం. సూర్యాస్తమయానికీ సూర్యోదయానికీ మధ్య అనుమానాస్పదంగా దొరికినవాళ్ల కోసం పెట్టిన సెక్షన్ ఇది. చిన్న శిక్ష, చిన్న కేసు. అందుకే దీన్ని చివరిదాకా నడిపేవాళ్లు తక్కువ. ఎక్కువ భాగం నేరం ఒప్పుకుని, జరిమానా కట్టి వెళ్లిపోతారు. ఈ కేసులో మేం చివరిదాకా వెళ్లాం. క్లయింట్ అనుమతి తీసుకుని, ఆయన్ని గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాను.

కేసులోకి వెళ్లేముందు సెక్షన్‌లో ఏముందో చూడాలి. ఐదు క్లాజులు. నేరం చేసే ఉద్దేశంతో ప్రమాదకరమైన ఆయుధం పట్టుకుని ఉండటం ఎ క్లాజు. అదే ఉద్దేశంతో ముఖం కప్పుకోవడం, వేషం మార్చుకోవడం బి. ఇంట్లోనో, బిల్డింగులోనో, పడవలోనో దొరికి, అక్కడ ఎందుకున్నాడో సంతృప్తికరంగా చెప్పలేకపోవడం సి. దొంగగా పేరుపడ్డవాడు వీధిలో తచ్చాడుతూ తన సంగతి సరిగ్గా చెప్పుకోలేకపోవడం డి. ఇక మన కేసుకు సంబంధించింది ఇ: చట్టబద్ధమైన కారణం లేకుండా ఇల్లు పగలగొట్టే పరికరం దగ్గర పెట్టుకోవడం. ఆ కారణం ఉందని రుజువు చేసే భారం కూడా ఆ మనిషి మీదే ఉంటుందని క్లాజులోనే బ్రాకెట్లో రాసి ఉంది.

తేడా గమనించండి. ఎ, బి క్లాజుల్లో 'ఉద్దేశం' అనే మాట ఉంది, దాన్ని ప్రాసిక్యూషనే రుజువు చేయాలి. ఇ క్లాజులో ఆ మాటే లేదు. కత్తి పట్టుకున్నవాడి మనసులో ఏముందో పోలీసులు చూపించాలి. సుత్తి పట్టుకున్నవాడి మనసులో ఏం లేదో వాడే చూపించుకోవాలి.

జరిగింది ఇది

నా క్లయింట్ పాలమూరు వైపు నుంచి వలస వచ్చిన రోలింగ్ షట్టర్ మెకానిక్. థానే జిల్లాలో గోడౌన్లు, పవర్‌లూమ్ షెడ్లు ఎక్కువగా ఉన్న ఒక పట్టణంలో చాలా ఏళ్లుగా ఇదే పని. సొంత దుకాణం లేదు. పాత స్కూటరు, దాని మీద ఒక రెగ్జిన్ సంచి, జనం నోట తిరిగే ఫోన్ నంబరు, ఇదే వ్యాపారం. షట్టర్ పగలు ఇరుక్కుంటే దుకాణదారు సర్దుకుంటాడు. రాత్రి మూసేటప్పుడు సగంలో ఆగిపోతే మాత్రం సరుకు వదిలేసి ఇంటికి పోలేడు. అందుకే ఈ పనిలో రాత్రి కాల్స్‌కే కాస్త ఎక్కువ డబ్బులొస్తాయి.

2024 చివర్లో ఒక రాత్రి రెండు దాటాక గస్తీ పోలీసులు ఆయన్ని ఒక గోడౌన్ల వరుస దగ్గర ఆపారు. సంచిలో ఉన్నవి: పెద్ద పైపు రెంచి, ఒక చివర చదునుగా సాగదీసిన రెండడుగుల ఇనుప రాడ్డు, హాక్సా ఫ్రేము, బ్లేళ్లు, స్క్రూడ్రైవర్లు, సుత్తి, గ్రీజు డబ్బా, టార్చి, రబ్బరు గ్లౌజులు, ఒక తీగకు గుచ్చిన పద్నాలుగు తాళంచెవులు. పంచనామాలో రాడ్డుకు 'కటావణి' అని పేరు పెట్టారు. అంటే తలుపులు పెకలించే చిన్న గడ్డపార. మహారాష్ట్రలో దోపిడీ కేసుల పంచనామాలు చదివినవాళ్లకు ఈ మాట ఎంత మామూలో తెలుసు. కటావణి, కారప్పొడి, నైలాన్ తాడు అన్నీ ఒకే జాబితాలో కనిపిస్తుంటాయి. ఇక్కడ కారప్పొడి లేదు, అది నయం.

ఎఫ్ఐఆర్‌లో 'పొంతన లేని సమాధానాలు చెప్పాడు' అన్నారు. అసలు ఆ సమాధానాలేమిటో ఎక్కడా రాయలేదు. ఆయనకు మరాఠీ పని వరకే వచ్చు. కంగారులో తెలుగు, హిందీ కలిపేస్తాడు. మొదటిసారి నాతో మాట్లాడినప్పుడు, "సార్, షట్టర్ పని చేసేటోని సంచిల షట్టర్ సామాన్లే ఉంటయి గద సార్, ఇంకేముంటయి?" అన్నాడు. కేసు మొత్తం ఈ ఒక్క ప్రశ్నే. కానీ చట్టం ఆ ప్రశ్నను అంత తేలిగ్గా ఒప్పుకోదు.

మొదట పెట్టిన సెక్షన్లు

ఎఫ్ఐఆర్‌లో 122తో పాటు, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 62వ సెక్షన్, దానికి జోడించి 331(4), 305 కూడా ఉన్నాయి. రాత్రివేళ ఇల్లు పగలగొట్టి దొంగతనం చేయడానికి ప్రయత్నించాడని. ప్రయత్నం ఎక్కడ? ఏ షట్టర్ మీదా గీత పడలేదు, ఏ తాళం ముట్టుకోలేదు, మనిషి స్కూటరు పక్కన నిలబడి ఉన్నాడు. అరెస్టుకు దారి చూసుకోవడానికే ఆ సెక్షన్లు కలిపారని నా అనుమానం. అనుమానమే, రుజువు లేదు.

మన శిక్షాస్మృతి మామూలుగా నేరానికి సిద్ధం కావడాన్ని శిక్షించదు. ప్రయత్నం దాకా వస్తేనే శిక్ష. మినహాయింపులు కొన్నే. ఐదుగురు లేదా అంతకు మించి కలిసి చేసే దోపిడీకి సిద్ధపడటం నేరం, అది పాత ఐపీసీలో 399, ఇప్పుడు 310(4). నకిలీ నాణేలు, నోట్లు, స్టాంపులు తయారుచేసే అచ్చులు, సామగ్రి చేయడం, దగ్గర పెట్టుకోవడం నేరం, ఇప్పుడు 181. ఇళ్లు పగలగొట్టే సామాను విషయంలో ఐపీసీలో గానీ న్యాయ సంహితలో గానీ ఇలాంటి సెక్షన్ లేదు. ఆ ఖాళీని రాష్ట్రాల పోలీసు చట్టాలు నింపాయి.

సిద్ధపడటానికీ ప్రయత్నానికీ మధ్య గీత ఎక్కడ అన్నదానికి మల్కియత్ సింగ్ కేసు నాకు ఎప్పుడూ పనికొస్తుంది. పంజాబ్ నుంచి అనుమతి లేకుండా ఢిల్లీకి వడ్లు తీసుకెళ్తున్న లారీని సరిహద్దు ఇంకా దూరంగా ఉండగానే సమాల్ఖా దగ్గర ఆపారు. అది సిద్ధపడటమే తప్ప ప్రయత్నం కాదని సుప్రీంకోర్టు 1968లో చెప్పింది. డ్రైవరు మనసు మార్చుకుని వెనక్కి తిరిగే అవకాశం అప్పటికీ ఉంది కదా. వడ్ల లారీకే ఆ అవకాశం ఇచ్చిన చట్టం, స్కూటరు మీద సంచికి ఇవ్వకుండా ఎలా ఉంటుంది? బెయిల్ వాదన ఇంతే. బెయిల్ వచ్చింది. చార్జిషీటు వేసేసరికి 62, 331, 305 మాయమై 122 డి, ఇ క్లాజులు మాత్రమే మిగిలాయి.

ఇక్కడ ఒక చిన్న సంగతి, జూనియర్లు తరచూ వదిలేసేది. 1973 నాటి సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 41(1)(బి) ప్రకారం, చట్టబద్ధమైన కారణం లేకుండా ఇల్లు పగలగొట్టే పరికరం దగ్గరున్నవాణ్ని వారెంటు లేకుండా అరెస్టు చేసే వీలుండేది. 1898 కోడ్‌లోనూ ఇది ఉండేది. 2009లో 5వ నంబరు చట్టంతో 41(1)లోని ఎ, బి క్లాజుల్ని కొత్తగా రాసినప్పుడు అది పోయింది. ఆ సవరణ 2010 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన ఇప్పటి నాగరిక్ సురక్షా సంహిత 35వ సెక్షన్‌లో కూడా అది తిరిగి రాలేదు. అయినా మా ఫైల్లోని అరెస్టు మెమోలో 'ఘర్‌ఫోడీ (ఇల్లు పగలగొట్టే) సామగ్రి దొరికినందున' అని ఒక్కటే కారణం. చట్టంలోంచి పోయిన మాట స్టేషన్లో టైపు చేసి పెట్టుకున్న నమూనాలో అలాగే బతికి ఉంటుంది.

రెండో ముద్దాయి

ఈ కేసులో నాకు అన్నిటికన్నా వింతగా అనిపించింది రెండో ముద్దాయి. ఆయన వెల్డింగ్ షాపు నడుపుతాడు. ఆ రాడ్డు చివరను కాల్చి, సాగదీసి చదును చేసి ఇచ్చింది ఆయనే. నా క్లయింట్ ఇచ్చాడంటున్న స్టేట్‌మెంటు ఆధారంగా ఆయన్ని కూడా చార్జిషీటులో ఎక్కించారు, న్యాయ సంహిత 3(5) ఉమ్మడి ఉద్దేశం కింద. ఆ రాత్రి ఆయన ఇంట్లో నిద్రపోతున్నాడు.

పరికరం తయారుచేయడాన్నే నేరంగా చూసే చట్టాలు ఇతర దేశాల్లో ఉన్నాయి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో దొంగ పనిముట్లు చేయడం, బాగుచేయడం, చేయించడం, దగ్గర పెట్టుకోవడం అన్నీ ఒకే సెక్షన్‌లో వస్తాయి. మసాచుసెట్స్ చట్టం అయితే చేయడం మొదలుపెట్టినా చాలంటుంది. కాలిఫోర్నియా శిక్షాస్మృతి 466లో పనిముట్ల జాబితా చాలా పెద్దది. కారు అద్దాలు పగలగొట్టడానికి వాడే స్పార్క్ ప్లగ్ పింగాణీ ముక్కలు కూడా అందులో ఉన్నాయి. అడిగే హక్కు లేనివాడి కోసం తెలిసి తాళంచెవి కోసిచ్చినా ఆ సెక్షన్ కిందికి వస్తుంది. కానీ ఈ మూడు చోట్లా ఒక షరతు ఉంది. దొంగతనానికి వాడాలన్న ఉద్దేశమో, వాడతారన్న ఎరుకో, ఆ ఉద్దేశాన్ని చూపే పరిస్థితులో ఉండాలి. వట్టి తయారీని ఎవరూ శిక్షించరు. శిక్షిస్తే ఊళ్లో కొలిమి ఉన్న ప్రతివాడూ ముద్దాయే.

122లో 'తయారీ' అన్న మాటే లేదు. దగ్గర పెట్టుకోవడమే నేరం, రాడ్డు వెల్డర్ దగ్గర లేదు. తోడ్పాటు కిందికి తేవాలంటే తెలిసి, కావాలని సాయం చేశాడని చూపాలి. ఉన్న ఆధారమల్లా పోలీసు కస్టడీలో ఇచ్చిన స్టేట్‌మెంటు. కొత్త సాక్ష్య చట్టమైన సాక్ష్య అధినియమ్ 23 ప్రకారం అది ఒప్పుకోలు కింద చెల్లదు. దాని వల్ల కొత్తగా దొరికిన వస్తువేదీ లేదు, రాడ్డు అప్పటికే జప్తులో ఉంది.

ఇలాంటి సమన్స్ కేసులో (చిన్న శిక్ష ఉన్న కేసులో) డిశ్చార్జి, అంటే విచారణ నడవకముందే కేసులోంచి విడుదల, ఎలా అడగాలన్నది ఒకప్పుడు పెద్ద తలనొప్పి. పెద్ద శిక్ష ఉన్న వారెంటు కేసుల్లో ఉన్న దారి సమన్స్ కేసుల్లో ఉండేది కాదు. నాగరిక్ సురక్షా సంహిత 274వ సెక్షన్‌కు కొత్తగా ఒక ప్రొవిజో (సెక్షన్‌కు తగిలించిన షరతు వాక్యం) చేర్చారు. ఆరోపణకు ఆధారం లేదని మేజిస్ట్రేటు అనుకుంటే కారణాలు రాసి ముద్దాయిని విడుదల చేయాలి, అది డిశ్చార్జితో సమానం. వెల్డర్ తరఫున ఈ ప్రొవిజో కింద దరఖాస్తు పెట్టాం. ఏపీపీ (ప్రభుత్వం తరఫున వాదించే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) గట్టిగా వ్యతిరేకించలేదు. రెండు పేజీల ఆర్డరుతో ఆయన బయటపడ్డాడు. కొత్త చట్టాల మీద నాకు చాలా ఫిర్యాదులున్నాయి కానీ ఈ నాలుగు లైన్లు మాత్రం పనికొచ్చేవే.

ఒప్పుకుంటే పోదా?

అందరూ అడిగేది ఇదే. కోర్టు వరండాలో ఒకాయన నా క్లయింట్‌ భార్యకు నచ్చజెప్పాడట, గిల్టీ అంటే సాయంత్రానికి ఇంటికి పోతాడని. ఆమె నా దగ్గరకొచ్చి, "అన్నా, రోజుకో వాయిదా అంటే పని పోతది. జరిమానా కట్టి వదిలించుకుంటే కాదా?" అని అడిగింది. అడగడంలో తప్పేం లేదు. వాయిదా ఉన్న రోజు ఆయనకు కూలి రాదు.

నేను చెప్పింది ఇది. జరిమానా ఒక్క రోజుతో అయిపోతుంది, కన్విక్షన్ (నేరస్తుడన్న రికార్డు) అయిపోదు. రేపు ఆ ఏరియాలో ఏ దుకాణం పగిలినా స్టేషన్ రికార్డులో మొదట తగిలే పేరు ఇదే. నాగరిక్ సురక్షా సంహిత 129 కింద మంచి నడవడికకు బాండు అడిగేటప్పుడు, పోలీసు చట్టం 56వ సెక్షన్ కింద తడీపార్ (ఆ ప్రాంతం నుంచి బహిష్కరణ) ప్రతిపాదన తయారుచేసేటప్పుడు ఇలాంటి చిన్న కన్విక్షన్లే ఫైలుకు బరువు తెస్తాయి. పైగా ఆయన బతికేదే రాత్రిపూట ఇతరుల షట్టర్లు తెరిచి. ఇళ్లు పగలగొట్టే సామానుతో దొరికి శిక్షపడ్డ మనిషిని ఏ దుకాణదారు పిలుస్తాడు? ఆమె కాసేపు ఆలోచించి, "అయితే కొట్లాడుదాం" అంది. భర్తను అడగనే లేదు.

సాక్ష్యం ఎక్కడ దొరికింది

రాత్రి పనికి బిల్లు ఉండదు. అసలు చిక్కు అక్కడే. చట్టం 'కారణం చూపించు' అంటుంది. జీవితాంతం కాగితం లేకుండా పని చేసినవాడు ఏం చూపిస్తాడు? ఆఫీసులో పనిచేసే ఇంజినీరు అదే సంచితో అదే చోట దొరికి ఉంటే ఐడీ కార్డు తీసి చూపించి వెళ్లిపోయేవాడు.

ఆ రాత్రి కాల్ చేసింది ఒక మందుల షాపు యజమాని. షట్టర్ సగంలో ఇరుక్కుందని 11.40కి ఫోన్ చేశాడు. నేను మొదట వెళ్లి అడిగితే "నాకేం తెలియదు వకీలు సాబ్, నన్ను ఇందులోకి లాగకండి" అన్నాడు. ఆయన భయం నాకర్థమైంది. స్టేషన్ ఆయన దుకాణానికి రెండు వీధుల అవతలే. బతిమాలడం మానేసి కాగితాల వెంట పడ్డాను. నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టి టెలికాం కంపెనీ నుంచి కాల్ రికార్డు తెప్పించాం, సాక్ష్య అధినియమ్ 63 కింద సర్టిఫికెట్‌తో సహా. ఆ సర్టిఫికెట్ లేకపోతే ప్రింటవుటు చిత్తు కాగితమే.

అసలు మలుపు క్లయింట్ భార్య తెచ్చింది. ఆయన ఫోన్లో యూపీఐ లేదు, డబ్బులన్నీ ఆమె నంబరుకే వస్తాయి. ఆ రాత్రి 1.22కి మందుల షాపు యజమాని ఖాతా నుంచి ఆమె ఖాతాకు ఆరు వందలు పడ్డాయి. బ్యాంకు నుంచి 1891 నాటి బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ చట్టం కింద సర్టిఫై చేసిన స్టేట్‌మెంటు తీసుకున్నాం. ఆ కాగితం చేతికొచ్చాక మందుల షాపాయనకు సాక్షిగా సమన్లు పంపించాం. ఆయన వచ్చాడు. కాల్ చేశానన్నాడు, షట్టర్ బాగుచేశాడన్నాడు, డబ్బులు పంపానన్నాడు. ఎప్పుడు వెళ్లాడో గుర్తులేదన్నాడు.

రెండో డిఫెన్సు సాక్షి ఇంకో షట్టర్ మెకానిక్, తన సంచి వెంట తెచ్చుకున్నాడు. మేజిస్ట్రేటు అనుమతితో రెండు సంచులూ బల్ల మీద ఖాళీ చేశాం. పైపు రెంచి అక్కడా ఉంది. షట్టర్ పైన ఉండే పైపును రెంచితో పట్టి తిప్పితేనే లోపలి స్ప్రింగుకు బిగువు వస్తుంది. హాక్సా ఉంది, గ్రీజు ఉంది. చదును రాడ్డు కూడా ఉంది, మనదానికన్నా కాస్త పొట్టిది. పక్కన నిలువునా ఉండే గైడ్ చానల్ లారీ తగిలి వంగితే దాన్ని విప్పార్చడానికి వాడతామని చూపించాడు. గ్లౌజులు ఎందుకని ఏపీపీ అడిగితే తన అరచేయి చూపించాడు. షట్టర్ పట్టీలు కోసిన గుర్తులు వరసగా ఉన్నాయి.

ఆయన సంచిలో తాళంచెవుల గుత్తి మాత్రం లేదు. మా కేసులో మెత్తటి చోటు అదే. మార్చేసిన పాత సైడ్ లాకుల చెవులు పారేయకుండా దాచుకుంటానని, ఎప్పుడైనా ఒకటి పట్టినా కొత్త లాకు ఖర్చు తప్పుతుందని నా క్లయింట్ చెప్పాడు. నమ్మదగ్గ మాటే, రుజువు లేని మాట కూడా.

క్రాస్

దర్యాప్తు అధికారిని పెద్దగా గద్దించే అవసరం రాలేదు. అడిగినవి కొన్నే.

"షట్టర్ స్ప్రింగు ఎలా బిగిస్తారో తెలుసా?"

"తెలియదు."

"ఈ సామాను చూపించి షట్టర్ పని తెలిసిన ఎవర్నైనా అడిగారా?"

"అవసరం అనిపించలేదు."

"ఆ పద్నాలుగు చెవుల్లో ఒక్కటైనా అక్కడున్న ఏ తాళానికైనా పట్టిందా?"

"పెట్టి చూడలేదు."

"జప్తు చేసేటప్పుడు వీడియో తీశారా?"

"అప్పుడు ఫోన్లో చార్జింగ్ లేదు."

నాగరిక్ సురక్షా సంహిత 105 ప్రకారం సోదాను, జప్తును ఆడియో వీడియోలో రికార్డు చేయాలి. చార్జింగ్ లేకపోవడం దానికి మినహాయింపు కాదు. పంచ్ సాక్షుల్లో (పంచనామా మీద సంతకం పెట్టేవాళ్లలో) ఒకరు అదే స్టేషన్ ముందు జెరాక్స్ షాపులో పని చేస్తాడు. అంతకుముందు ఎన్ని పంచనామాల్లో సంతకం పెట్టావని అడిగితే, "లెక్క లేదు" అన్నాడు నవ్వుతూ. మేజిస్ట్రేటు నవ్వలేదు.

డి క్లాజు కొంచెం మెలిక. నా క్లయింట్ మీద పాత దొంగతనం కేసు ఒకటుంది, అందులో నిర్దోషిగా తేలాడు. ముద్దాయి చెడ్డ నడవడికను సాక్ష్యంగా వాడకూడదని సాక్ష్య అధినియమ్ 49 చెబుతుంది. కానీ 'దొంగగా పేరుపడ్డవాడు' అన్నది డి క్లాజులో నేరాంశమే. నడవడికే వివాదాంశమైతే ఆ నిషేధం వర్తించదని అదే సెక్షన్ వివరణ. కాబట్టి 49 చూపించి ప్రాసిక్యూషన్ నోరు మూయించలేం. వేరే దారి: పేరు అంటే నలుగురు అనుకునేది, ఆ నలుగుర్లో ఒక్కరినైనా సాక్షిగా తేవాలి. స్టేషన్ డైరీలో ఎంట్రీ ఊరి మాట కాదు. కొట్టేసిన కేసు అసలే కాదు. ఏ పొరుగువాణ్నీ పిలవలేదు కాబట్టి డి అక్కడే కూలిపోయింది.

రెండు మెట్లు

నా ప్రధాన వాదన ఇ క్లాజు మీద. దాన్ని రెండు మెట్లుగా చూడాలన్నాను. మొదటిది, దొరికిన వస్తువు ఇల్లు పగలగొట్టే పరికరమని ప్రాసిక్యూషన్ రుజువు చేయాలి. అది అయ్యాకే రెండో మెట్టు, ముద్దాయి కారణం చూపాలి. రుజువు భారం ముద్దాయి మీద పెట్టిన చట్టాల్లో కూడా పునాది విషయాల్ని ముందు ప్రాసిక్యూషనే రుజువు చేయాలని 2008లో నూర్ ఆగా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది మాదకద్రవ్యాల చట్టం కింద వచ్చిన తీర్పు. అంత కఠినమైన చట్టానికే ఆ నియమం ఉంటే ఈ చిన్న సెక్షన్‌కు లేకుండా పోతుందా? పంచనామాలో 'కటావణి' అని రాసినంత మాత్రాన రాడ్డు కటావణి అయిపోదు. సుత్తి, రెంచి, హాక్సా ప్రతి ప్లంబరు దగ్గరా ఉంటాయి.

మన ప్రాక్టీసులో ఈ మొదటి మెట్టును దాదాపు అందరూ దాటేస్తారు. డిఫెన్సు నేరుగా 'నా క్లయింట్ మెకానిక్కు' అంటూ మొదలుపెడుతుంది. అలా మొదలుపెట్టడమంటే ఆ సామాను దొంగ సామానేనని సగం ఒప్పుకోవడం.

రెండో మెట్టు మీద కూడా వాదించాను, ప్రత్యామ్నాయంగా. ముద్దాయి తన భారాన్ని సందేహానికి తావులేనంతగా మోయక్కర్లేదు, సంభావ్యత ఎటు మొగ్గుతుందో చూపిస్తే చాలని 1966లోనే వి.డి. ఝింగన్ కేసులో తేలింది.

ఏపీపీ పట్టుకున్నది ఒక్కటే విషయం, గట్టిగానే పట్టుకున్నారు. డబ్బులు 1.22కి పడ్డాయి, మనిషి దొరికింది రెండు దాటాక. ఆ నలభై నిమిషాలు ఏం చేశాడు? పెట్రోలు అయిపోతే స్కూటరు తోసుకుంటూ వచ్చానని క్లయింట్ సమాధానం. దానికి సాక్షి లేడు. నేను ఆ నలభై నిమిషాల్ని నింపే ప్రయత్నమే చేయలేదు. ఇ క్లాజు అడిగేది సామాను ఎందుకుందని, మనిషి అక్కడ ఎందుకున్నాడని కాదు. ఆ రెండో ప్రశ్న సి, డి క్లాజులది. సామాను ఉండటానికి కారణం అతని వృత్తి, ఆ రాత్రి చేసిన పని. దారిలో ఆగితే ఆ కారణం చెడిపోదు. ఏపీపీ రెండు ప్రశ్నల్నీ కలిపేశారు, ఎఫ్ఐఆర్ రాసినవాళ్లు కూడా కలిపేశారు.

తీర్పు

నిర్దోషి. కానీ నేను కోరుకున్న దారిలో కాదు.

రాడ్డు చివర చదును చేసి ఉంది కాబట్టి అది ఇల్లు పగలగొట్టడానికి పనికొచ్చే పరికరమేనని, మొదటి మెట్టు మీద ప్రాసిక్యూషన్ నెగ్గిందని మేజిస్ట్రేటు అన్నారు. మిగతా సామాను గురించి చెప్పాల్సిన పని లేదన్నారు. చట్టబద్ధమైన కారణం సంభావ్యత మేరకు రుజువైందని, కాల్ రికార్డు, బ్యాంకు స్టేట్‌మెంటు, రెండో సాక్షి సంచి కలిపి చూస్తే ఇది వృత్తి సామానేనని తేల్చారు. నలభై నిమిషాల విషయంలో మా మాటే ఒప్పుకున్నారు. తాళంచెవుల గురించి ఒక్క వాక్యం: పరీక్షించని వస్తువు మీద అనుమానం కట్టలేం.

గెలిచాం సరే, నాకు తృప్తి లేదు. 'పనికొచ్చే' వస్తువుకూ 'పరికరం' అనే మాటకూ ఒకే అర్థం చెబితే వంటింటి అట్లకాడ కూడా ఈ సెక్షన్‌లోకి వస్తుంది. ఈ క్లయింట్ దగ్గర యూపీఐ ఎంట్రీ ఉండబట్టి బతికాడు. నగదు తీసుకుని ఉంటే?

ఇంగ్లండ్ ఈ దారి గుండానే వెళ్లి మార్చుకుంది. మన ఇ క్లాజు మాటలు దాదాపు అక్కడి 1916 లార్సెనీ చట్టం 28వ సెక్షన్‌వే. 1968 థెఫ్ట్ చట్టం 25వ సెక్షన్‌లో వాళ్లు రుజువు భారం బ్రాకెట్టు తీసేశారు. ఇంటి బయట, దొంగతనానికి వాడే వస్తువు దగ్గరుండాలి, వాడే ఉద్దేశం ప్రాసిక్యూషన్ చూపాలి. అందుకే శిక్ష మూడేళ్ల దాకా పెట్టగలిగారు. ఒక్క వెసులుబాటు ఇచ్చారు: దొంగతనం కోసమే చేసిన లేదా మార్చిన వస్తువైతే అది దగ్గరుండటమే ఆ ఉద్దేశానికి సాక్ష్యం అవుతుంది. దాన్ని కూడా ముద్దాయి ఎదుర్కోవచ్చు. 1974లో ఎల్లామ్స్ కేసులో ఇంకో హద్దు గీశారు. వాడేసిన సామానును వదిలించుకోవడానికి తీసుకెళ్తుంటే ఈ సెక్షన్ వర్తించదు, ముందు ముందు వాడే ఉద్దేశం ఉండాలి. కెనడాలో రుజువు భారం చాలాకాలం ముద్దాయి మీదే ఉన్నా, దొంగతనానికి వాడతారని సహేతుకంగా అనిపించే పరిస్థితుల్ని ప్రాసిక్యూషన్ ముందు చూపాలి. 1988లో హోమ్స్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను నిలబెట్టిందంటే ఆ ముందుమెట్టు ఉండబట్టే. మన ఇ క్లాజులో అలాంటి ముందుమెట్టు మాటల్లో లేదు, వ్యాఖ్యానంతో కట్టుకోవాలి. నేను కట్టబోయింది అదే, ఈసారి నిలవలేదు.

మా రాడ్డు చివరను నిజంగానే 'మార్చారు' కదా, ఇంగ్లండ్ సూత్రం కింద కూడా చిక్కేనేమో అని ఒక మిత్రుడు అడిగాడు. కాదు. మార్చింది గైడ్ చానల్ కోసం, దొంగతనం కోసం కాదు. ఆ మాట చెప్పగలిగేది వెల్డర్. డిశ్చార్జి అయ్యాక ఆయన్ని సాక్షిగా పిలవొచ్చు. కానీ ఆయన ఇంక ఆ కోర్టు మెట్లు ఎక్కనన్నాడు, నేను బలవంతం చేయలేదు.

జప్తు సామాను నాగరిక్ సురక్షా సంహిత 498 కింద తిరిగి ఇవ్వాలని తీర్పులోనే ఉంది. హాక్సా బ్లేళ్లు తుప్పు పట్టాయి, మిగతావి బాగానే ఉన్నాయి. రాడ్డు కూడా ఇచ్చారు. ముద్దెమాల్ (జప్తు సామాను) రిజిస్టరులో ఇప్పటికీ దాని పేరు కటావణే. ఆ ఎంట్రీ సరిచేయమని దరఖాస్తు పెట్టాం, పెండింగులో ఉంది.